పని పన్నెండు గంటలు, జీతం ఆరు గంటలకి

ప్రశ్న:
అక్కా, నమస్తే. నా వయసు 23. పిల్లల ఆటపాటల సెంటర్‌లో ఏడాదిన్నరగా పనిచేస్తున్నాను. వారంలో మూడు సాయంత్రాలు క్రాఫ్ట్, డాన్స్ క్లాసులు. శని, ఆదివారాలు బర్త్‌డే పార్టీలు. ఒక్కో పార్టీ రెండు గంటలు, రోజుకు మూడు. డబ్బులు పార్టీకింత అని ఇస్తారు. కానీ పొద్దున 8:30కే వెళ్ళి బెలూన్లు నింపాలి, డెకరేషన్ కట్టాలి. పార్టీకీ పార్టీకీ మధ్య ఊడ్చి తుడవాలి. రాత్రి అన్నీ విప్పి, బాల్ పిట్ శుభ్రం చేసి బయటపడేసరికి 8:30. ఇవేవీ లెక్కలోకి రావు. అడిగితే, మీరు స్టాఫ్ కాదు, పార్టీ ఆర్టిస్టులు అంటారు మేడమ్. ఏదైనా పగిలితే మా డబ్బుల్లో కోస్తారు. ఒకసారి ఎలుగుబంటి వేషంలో ఉండగా కళ్ళు తిరిగాయి. ఫొటోలు అయిపోనీ, ఐదు నిమిషాలు ఓర్చుకో అన్నారు. బయట బౌన్సీ కాజిల్ (పిల్లలు ఎక్కి గెంతే, గాలి నింపిన కోట) వేస్తే టైం లేదని నాలుగు మూలలే కట్టి వదిలేస్తాం. దాని దగ్గర పదహారేళ్ళ పాపని ఒక్కదాన్నే నిలబెడతారు. పోయిన నెల ఒక బాబు జారుడుబల్ల మీంచి పడితే తలకి బొప్పి కట్టింది. పార్టీ పాడవుతుందని వాళ్ళమ్మకి చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు. నాకు పిల్లలంటే ప్రాణం. మేడమ్ కూడా చెడ్డావిడేం కాదు, మనమంతా ఒక కుటుంబం అంటూ ఉంటారు. ఇంట్లో వాళ్ళేమో మానేయమంటున్నారు. నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా అక్కా?
— ఒక పాఠకురాలు

సమాధానం:
అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. ఈ శీర్షికకు రాకముందు నాలుగేళ్ళు నేను ఇలాంటి సెంటర్‌లోనే మేనేజరుగా ఉన్నాను. రోస్టర్, అంటే ఎవరు ఎప్పుడు పనికి రావాలో ఆ పట్టిక, నేనే వేసేదాన్ని. మీ మేడమ్ చెప్పే కుటుంబం మాట నేనూ చెప్పాను, అదీ ఎప్పుడో ఒకసారి కాదు. ఎప్పుడు చెప్పేదాన్నో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎవరో సెలవు అడిగినప్పుడు, ఎవరో డబ్బులు అడిగినప్పుడు. లాభం బాగా వచ్చిన నెలలో మాత్రం ఆ మాట ఒక్కసారీ నోట్లోకి రాలేదు. కాబట్టి నీ ఉత్తరం చదువుతుంటే నాకు నీ వైపే కాదు, బల్లకి అవతలి వైపు కూడా కనిపించింది. రెండు వైపుల నుంచీ చెబుతాను.

ముందు లెక్క చూద్దాం. 8:30 నుంచి 8:30 వరకు 12 గంటలు. నీకు ముడుతున్నది మూడు పార్టీలకి, అంటే 6 గంటలకి. రోజుకు 6 గంటలు గాలికి పోయాయి. వారాంతానికి 12, నెలకి నాలుగు వారాంతాలు వేసుకుంటే 48. ఏడాదిన్నరకి గుణిస్తే 864 గంటలు. నేను రెండుసార్లు గుణించాను, తప్పు చేశానేమోనని. ఇంకోలా చెప్పాలంటే, గంటకి నీ రేటు ఇంత అని నువ్వు మనసులో ఏ అంకె అనుకుంటున్నావో దాన్ని సగానికి కొట్టు. నీ అసలు రేటు అదీ. ఇంట్లో వాళ్ళకి, స్నేహితులకి, నీకు నువ్వు కూడా ఇన్నాళ్ళూ చెప్పుకుంటున్నది రెట్టింపు అంకె.

ఆ 6 గంటల్లో ఏం జరుగుతుందో బయటివాళ్ళకి తెలీదు. పార్టీ అంటే తలుపు తెరిచాక కనిపించేదే అనుకుంటారు. బెలూన్ల సంగతే తీసుకో. హీలియం నింపిన మామూలు రబ్బరు బెలూన్ గాల్లో నిలిచేది సుమారు 12 నుంచి 20 గంటలు. ముందురోజు సాయంత్రం తీరిగ్గా నింపి పెట్టుకుంటే పార్టీ వేళకి సగం కిందకి దిగి ముడుచుకుపోతాయి. కాబట్టి ఆ పని ఆ రోజు పొద్దునే జరగాలి, ఎవరో ఒకరు తొందరగా రావాలి. అది నీ ఇష్టంతో చేసే సాయం కాదు, ఆ వ్యాపారం నడవాలంటే జరగాల్సిన పని. వంద బెలూన్లు ముడి వేశాక చూపుడు వేలు పక్కన చర్మం ఎలా కందిపోతుందో నీకు చెప్పక్కర్లేదు. పుట్టినరోజు పాప లోపలికి అడుగుపెట్టి పైకి చూసి నోరు తెరుస్తుందే, ఆ క్షణం ఆ కందిన వేళ్ళదే.

ఇంకొక సంగతి. మీ సెంటర్ వాళ్ళు తల్లిదండ్రులకిచ్చే బిల్లు ఎప్పుడైనా చూశావా? నేను బిల్లులు వేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. అందులో డెకరేషన్ అని ఒక లైను, కొన్నిచోట్ల క్లీనింగ్ అని మరో లైను ఉంటుంది. విడిగా లేకపోతే ప్యాకేజీలో కలిసిపోయి ఉంటుంది. అంటే నువ్వు పొద్దున కట్టినదీ, రాత్రి ఊడ్చినదీ వాళ్ళు అమ్ముతూనే ఉన్నారు. అమ్మేటప్పుడు పని, జీతం ఇచ్చేటప్పుడు మాత్రం కుటుంబం.

పనిగంట అంటే ఏమిటన్న తగాదా కొత్తదేమీ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో దుకాణాలు, ఆఫీసుల పనివేళల మీద ఒక ఒప్పందం చేసింది. మనిషి యజమాని ఆధీనంలో ఉన్న సమయమంతా పనిగంటలే అని అందులో రాసుకున్నారు. యజమాని చేతిలో లేకుండా తన మానాన తాను తీసుకునే విశ్రాంతిని మాత్రం ఆ లెక్కలోంచి తీసేశారు. తమాషా ఏమిటంటే, అదే ఒప్పందం వినోద కేంద్రాలకి వర్తించదని కూడా అందులోనే ఉంది. కాబట్టి ఆ కాగితం పట్టుకెళ్ళి మేడమ్ బల్ల మీద కొట్టమని చెప్పను. కానీ నీ మనసులో ఉన్న సందేహానికి జవాబు అందులో దొరుకుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి వరకు నువ్వు బయటికి వెళ్ళి చెట్టు కింద కూర్చోగలవా? చీపురు పక్కన పెట్టి ఫోను ఆపేసుకోగలవా? లేదంటే ఆ గంట వాళ్ళదే. వాళ్ళదైతే దానికి డబ్బులివ్వాలి.

పార్టీ ఆర్టిస్టు అనే పేరు ఎందుకు పెట్టారో కూడా నాకు తెలుసు. స్టాఫ్ అంటే సెలవులు, దెబ్బ తగిలితే బాధ్యత, తీసేస్తే నోటీసు. ఆర్టిస్టు అంటే చప్పట్లు. 2006లో అదే కార్మిక సంస్థ ఈ పేర్ల ఆట మీద ఒక సిఫార్సు చేసింది. ఒప్పందంలో ఏమని పిలుచుకున్నారని కాదు, పని నిజంగా ఎలా జరుగుతోందో చూసి ఉద్యోగమా కాదా అని తేల్చాలని. నీ విషయం చూడు. ఎన్నింటికి రావాలో వాళ్ళు చెబుతారు. టీషర్టు వాళ్ళది, సామాను వాళ్ళది, ధర వాళ్ళు కడతారు, సెలవు వాళ్ళని అడగాలి. నిజమైన ఆర్టిస్టు అయితే తన రేటు తాను చెబుతుంది, పొద్దున నేల తుడవదు. చాలా దేశాల్లో కోర్టులు ఇదే పద్ధతిలో చూస్తాయి. నువ్వున్న చోట చట్టం కచ్చితంగా ఏమంటుందో కార్మిక శాఖ వాళ్ళని అడుగు. అడగడం ఫిర్యాదు చేయడం కాదు. పగిలిన సామాను కోత గురించి కూడా ఆ పూటే అడిగెయ్. 1949 నాటి జీతాల రక్షణ ఒప్పందం ప్రకారం జీతంలో కోత ఆ దేశపు చట్టమో, కార్మికులంతా కలిసి యజమానితో చేసుకున్న ఒప్పందమో అనుమతించిన మేరకే ఉండాలి, యజమానికి కోపం వచ్చిన మేరకు కాదు.

డబ్బు సంగతి ఇంతటితో పక్కన పెడతాను. ఎందుకంటే నీ ఉత్తరంలో రెండు రకాల కష్టాలున్నాయి, నువ్వు రెండిటినీ ఒకే మూటలో కట్టి పంపావు. జీతం గురించి నువ్వు ఆలోచించుకోవచ్చు, బేరమాడొచ్చు, నెల రోజులు ఆగొచ్చు. రెండోది ఆగదు.

ఆ బాబు సంగతి చదివినప్పుడు నీ మీద నాకు కోపం వచ్చింది. చెప్పకుండా దాటేస్తే నా సమాధానానికి అర్థం ఉండదు. తలకి తగిలిన దెబ్బ బొప్పితో పోవచ్చు, ఎక్కువ సార్లు అలాగే పోతుంది. కానీ కొన్నిసార్లు దాని లక్షణాలు గంటల తర్వాత గానీ బయటపడవు. పిల్లాడు రాత్రి పదేపదే వాంతులు చేసుకుంటే, ఎప్పుడూ లేనంత మత్తుగా పడుకుంటే, తలనొప్పి పెరుగుతూ పోతే, నడక తూలితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. పొద్దున పడ్డాడని తెలిసిన తల్లి వీటి కోసం కనిపెట్టుకుని ఉంటుంది. తెలియని తల్లి పార్టీలో అలిసిపోయాడు, పడుకోనీ అనుకుంటుంది. మీరు దాచింది బొప్పిని కాదు. ఆ తల్లి ఆ రాత్రి ఎలా మెలకువగా ఉండాలో దాన్ని దాచారు.

ఆ బాబుకి ఏమీ కాలేదనే అనుకుందాం, నువ్వు రాసిన తీరు చూస్తే అలాగే ఉంది. నువ్వు 23 ఏళ్ళ పిల్లవి, ఎదురుగా జీతమిచ్చే మనిషి నిలబడి వద్దంటే నోరు పెగలదు, అదీ తెలుసు. నేను చెప్పొద్దన్న సందర్భాలూ ఉన్నాయి కాబట్టి నీకు నీతులు చెప్పే అర్హత నాకు పెద్దగా లేదు. కానీ ఇకముందు ఒక గీత గీసుకో. పిల్లలకి దెబ్బ తగిలితే అదే పూట, అదే గదిలో, తీసుకెళ్ళడానికి వచ్చిన పెద్దవాళ్ళకి నువ్వే చెప్పు. పార్టీ మధ్యలో మైకులో చెప్పక్కర్లేదు. పక్కకి పిలిచి, "బాబు జారుడుబల్ల మీంచి పడ్డాడండీ, ఇక్కడ తగిలింది, ఐస్ పెట్టాం, రాత్రికి ఓ కన్నేసి ఉంచండి" అంటే చాలు. నా అనుభవంలో చెప్పినందుకు గొడవ చేసిన తల్లి ఒక్కరు కూడా లేరు. చెప్పనందుకు మాత్రం మర్నాడు వచ్చి బల్ల మీద చెయ్యి కొట్టిన తండ్రి ఇప్పటికీ గుర్తున్నాడు. దెబ్బల పుస్తకం ఒకటి సెంటర్‌లో ఉందేమో చూడు. లేకపోతే ఒక మామూలు నోట్‌బుక్ తీసుకుని తేదీ, టైము, ఎక్కడ పడ్డారు, ఎవరు చూశారు, ఎవరికి చెప్పాం అని రాయడం మొదలుపెట్టు. మేడమ్ ఆ పుస్తకం ఎందుకంటే, రేపు ఎవరైనా మన మీదికి వస్తే మనకే ఆధారం అని చెప్పు. అది అబద్ధం కాదు.

ఇక బౌన్సీ కాజిల్. ఇది చదివి నేను కుర్చీలోంచి లేచాను. చూడ్డానికి మెత్తటి వస్తువు, పడినా దెబ్బ తగలదనుకుంటాం. నిజానికి అదొక తెరచాప. 2021 డిసెంబరు 16న ఆస్ట్రేలియాలో, టాస్మేనియా రాష్ట్రంలోని డెవన్‌పోర్ట్‌లో, బడి ఏడాది చివరి వేడుకలో గాలి విసురుకి అలాంటిదొకటి పైకి లేచింది. ఆరుగురు పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత నేను ఏ బౌన్సీ కాజిల్ చూసినా ముందు దాని కాళ్ళు చూస్తాను. బ్రిటన్‌లో పాటించే నిబంధన ప్రకారం ఆరుబయట వేసినప్పుడు కనీసం ఆరు చోట్ల నేలకి బిగించాలి. కొన్నిటికి అంతకంటే ఎక్కువ కావాలి, ఎన్నో తయారుచేసినవాళ్ళ పుస్తకంలో ఉంటుంది. గాలి గంటకి 38 కిలోమీటర్లు దాటితే అసలు వాడకూడదు. గాలి కొలిచే మీటరు మీ దగ్గర ఉంటుందని నేననుకోను. దానికొక గుర్తుంది. ఆకులున్న చిన్న చెట్లు కొమ్మలే కాకుండా మొత్తంగా ఊగడం మొదలుపెట్టాయంటే గాలి ఆ హద్దు దగ్గరికి వచ్చినట్టే. అప్పటిదాకా ఆగకుండా పిల్లల్ని దింపెయ్. పుస్తకంలో ఉన్నన్ని చోట్ల బిగించకపోతే గాలి లేని రోజైనా ఎక్కించొద్దు.

దాని దగ్గర పదహారేళ్ళ పాప ఒక్కతే. ఆమెని అలా నిలబెట్టడమే తప్పు. ఎంతమంది ఎక్కాలి, పెద్దపిల్లల్ని చిన్నపిల్లల్ని ఎప్పుడు విడదీయాలి, మోటారు ఆగిపోతే పిల్లల్ని ఎటు నుంచి బయటికి తీయాలి, ఇవి ఆమెకి ఎవరైనా చెప్పారా? పాతికమంది పిల్లలు తోసుకుంటుంటే వద్దని నిలదీసే గొంతు ఆ వయసులో ఉంటుందా? ఆమె ఇంకో పసిపిల్ల, మీరంతా కలిసి చూసుకోవాల్సిన లెక్కలోది. అక్కడ ఒక పెద్దమనిషిని పెట్టండి, పాపని క్రాఫ్ట్ బల్ల దగ్గరికి మార్చండి. ఖర్చు లేని మార్పు ఇది, రోస్టర్‌లో రెండు పేర్లు అటూ ఇటూ అవుతాయి అంతే.

కాజిల్ విషయంలో నీకో అండ ఉంది. 1981లో పనిచోట భద్రత మీద చేసిన అంతర్జాతీయ ఒప్పందంలో, తక్షణం పెద్ద ప్రమాదం ఉందని నమ్మడానికి తగిన కారణం ఉండి పనిలోంచి పక్కకి తప్పుకున్న మనిషికి దానివల్ల కీడు జరగకుండా చూడాలని ఉంది. 2022లో భద్రమైన, ఆరోగ్యకరమైన పనిచోటుని అంతర్జాతీయ కార్మిక సంస్థ మౌలిక హక్కుల్లో చేర్చింది. గాలిలో సరిగ్గా బిగించని కాజిల్ నడపనంటే అది మొండితనం కాదు. ఈ మాట మేడమ్‌తో అనేటప్పుడు గొంతు పెంచొద్దు. "మేడమ్, ఇంకా రెండు చోట్ల బిగిస్తే పది నిమిషాల్లో తెరుస్తాను, అప్పటిదాకా పిల్లల్ని లోపల ఆడిస్తాను" అను. పది నిమిషాలకి ఏ యజమానీ కాదనలేదు. కాదన్నదంటే అప్పుడు ఆవిడ మంచావిడా కాదా అన్న నీ సందేహం కూడా తీరిపోతుంది.

ఎలుగుబంటి దగ్గరికి వస్తాను. నేను అది ఒక్కసారే వేసుకున్నాను, రావలసిన మనిషి రాకపోతే. బయటికి నవ్వు మొహం. లోపల ముందుగా తెలిసేది వాసన, ఇంతకుముందు వేసుకున్నవాళ్ళ చెమట వాసన. చూపు ఎలుగుబంటి నోట్లోంచి, నల్లటి వల గుడ్డలోంచి, అరచేయంత. కింద ఉన్న పిల్లలు కనబడరు, మోకాళ్ళకి చుట్టుకుంటే తెలుస్తారు. ఊపిరి మళ్ళీ మొహానికే తగులుతుంది. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, ఆ బొచ్చులో ఆరే దారి లేదు. పది నిమిషాలకి చెవుల్లో నా గుండె చప్పుడే వినబడింది. నీకు కళ్ళు తిరగడం బలహీనత కాదమ్మా, వడదెబ్బకి ముందు మెట్టు. తల తిరగడం, వికారం, తలనొప్పి మొదలైతే వెంటనే తలకాయ తీసెయ్యాలి, పిల్లలు చూస్తారన్న భయం లేకుండా. చల్లని చోట కూర్చోబెట్టి నీళ్ళివ్వాలి. అరగంటలో తేరుకోకపోయినా, మాట తడబడినా, సొమ్మసిల్లినా అది ఆస్పత్రి కేసు, ఐస్ పెట్టి దాచే విషయం కాదు. వేషం వేసిన మనిషి పక్కన చెయ్యి పట్టుకుని తిప్పడానికి ఎప్పుడూ ఇంకొకరు ఉండాలి, ఒక గుర్తు అనుకోవాలి. మేము చేతిని రెండుసార్లు నొక్కితే చాలు, ఎలుగుబంటికి నిద్రొచ్చిందర్రా అంటూ తీసుకెళ్ళిపోయేవాళ్ళు. పిల్లలు టాటా కూడా చెప్పేవారు. ఫొటోలు తర్వాతైనా తీసుకోవచ్చు.

చిన్నవి ఇంకొన్ని గబగబా చెప్పేస్తాను. హీలియం సిలిండర్‌ని మూసిన గదిలో పెట్టి నింపొద్దు. దానికి రంగు, వాసన ఉండవు, లీకైతే గదిలో ప్రాణవాయువు తగ్గిపోతున్న సంగతి తెలియదు. గొంతు మారుతుందని తమాషాకి పీల్చడం ఎవరూ చేయకూడదు, పిల్లల ముందు అసలే వద్దు. పగిలిన బెలూన్ ముక్కలు పసిపిల్లల గొంతులో అడ్డం పడతాయి, వెంటనే ఏరెయ్యండి. టాయిలెట్ ఆసిడ్, బ్లీచింగ్ కలిపి వాడితే విషవాయువు వస్తుంది, త్వరగా తెల్లబడుతుందని ఎవరు చెప్పినా కలపొద్దు. ఇక మీ హాల్లో చప్పుడు. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తుంటే శబ్దం 85 డెసిబెల్స్ దాటిందనుకోవచ్చు, రోజుకు 8 గంటలు వినడానికి నిపుణులు పెట్టిన హద్దు అది. స్పీకర్ తగ్గించమని అడగడం నీ చెవులకీ, గొంతుకీ, పిల్లల చెవులకీ మంచిది. డీజే అబ్బాయికి కోపమొస్తే రానీ.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. ఎక్కువ ఆలోచిస్తున్నావా? లేదు, ఒక విషయంలో మాత్రం తక్కువ ఆలోచించావు. నాకు పిల్లలంటే ప్రాణం అని రాశావు చూడు, ఆ వాక్యం. నీ ఉత్తరంలో జీతం గురించి అడగాల్సిన చోటల్లా ఆ వాక్యం అడ్డొచ్చింది. అమెరికా సమాజశాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే ఆడవాళ్ళని గమనించి, లోపల ఏమున్నా బయటికి నవ్వడం కూడా శ్రమేనని, కంపెనీ దాన్ని కూడా కొంటోందని చూపించింది. నీ విషయంలో ఇంకో అడుగు ముందుకెళ్ళారు. నీ నవ్వు నటన కాదు, నిజం. నిజం కాబట్టే దానికి ఖరీదు కట్టక్కర్లేదనుకున్నారు. నువ్వూ అలాగే అనుకున్నావు. ఐదో పార్టీలో ఏడుస్తున్న పసివాణ్ణి ఎత్తుకుని ఊరుకోబెట్టగలగడం ఒక నైపుణ్యం. అది ఉన్న మనిషి దొరక్క నేను నెలలకి నెలలు వెతికాను, నీకు తెలియకపోవచ్చు. మీ మేడమ్‌కి తెలుసు.

ఆవిడ కష్టం కూడా ఒక ముక్క చెబుతాను, క్షమించమని కాదు, బేరానికి పనికొస్తుందని. ఈ వ్యాపారంలో అద్దె ఏడు రోజులూ పరుగెడుతుంది, ఆదాయం రెండు రోజులే వస్తుంది. నష్టం వచ్చినప్పుడు అద్దె తగ్గించమంటే ఓనరు వినడు, కరెంటు వాళ్ళు వినరు, వినేది మీరొక్కరే. అందుకని మీ దగ్గరే తగ్గిస్తారు. మరి మీరు అడిగేది ఏమిటి? అద్దెలాగా, కరెంటులాగా మమ్మల్ని కూడా ముందే లెక్కలో వేసుకోమని. కావాలంటే మూడు పార్టీలకి బదులు రెండు పెట్టుకోవచ్చు, పార్టీకింత చొప్పున డెకరేషన్ రేటు పెంచుకోవచ్చు. దారులు వెతుక్కోవడం ఆవిడ పని. మేనేజరుగా ఉన్నప్పుడు ఆ దారులు నేను వెతకలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి వెతకలేదు.

కాబట్టి అడగండి. ఒక్కదానివి కాదు, మీరెంతమంది ఉంటే అంతమంది. ముందుగా నాలుగు వారాలు, వచ్చిన టైము, వెళ్ళిన టైము, ఎన్ని పార్టీలు, తినడానికి ఎన్ని నిమిషాలు దొరికాయి, అన్నీ ఎవరికి వాళ్ళు రాసుకోండి. రోస్టర్‌ని ఫొటో తీసుకోండి, 8:30కి రమ్మన్న మెసేజీలు చెరపకండి. ఆ తర్వాత ఇలా ఒక మెసేజి పెట్టండి:

"మేడమ్, శని, ఆదివారాల్లో మేము పొద్దున 8:30 నుంచి రాత్రి 8:30 దాకా సెంటర్‌లో ఉంటున్నాం. డబ్బులు మాత్రం పార్టీలు జరిగే 6 గంటలకే వస్తున్నాయి. పోయిన నాలుగు వారాల లెక్క కింద పెట్టాం. వచ్చే నెల నుంచి తయారీకీ, శుభ్రానికీ పట్టే గంటలు కూడా కలపమనీ, మధ్యాహ్నం తినడానికి అరగంట రోస్టర్‌లో రాయమనీ అడుగుతున్నాం. శుక్రవారం క్లాసులయ్యాక ఓ పావుగంట కూర్చుందామా?"

గమనించావా, అందులో సారీ లేదు, కోపమూ లేదు, పాత బాకీ ప్రస్తావన కూడా లేదు. 864 గంటల సంగతి నీ నోట్‌బుక్‌లో ఉండనీ. అది తర్వాతి మెట్టు, కార్మిక శాఖలో నీకు తెలిసిన దాన్ని బట్టి. శుక్రవారం మేడమ్ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మంచినీళ్ళివ్వు, మాట మాత్రం మార్చకు. నన్ను అడిగి ఉంటే నేనూ అలాగే ఏడ్చేదాన్నేమో. "నీ ఒక్కదానికి పెంచుతాను, వాళ్ళకి చెప్పకు" అని తర్వాత విడిగా పిలిచే అవకాశం చాలా ఎక్కువ, నేను చేసిన పనే అది. ఆ సెంటర్‌లో బాగా పనిచేసిన అమ్మాయి ఒప్పుకుంది, మూడు నెలలకి మిగతావాళ్ళు మాట్లాడటం మానేశారు, ఆరో నెలలో ఆ అమ్మాయే మానేసింది.

మానేయడం గురించి మీ ఇంట్లో వాళ్ళకి ఇంకా రెండు నెలలు గడువు అడుగు. ఈలోగా వేరేచోట వెతుకుతూ ఉండు, ఏడాదిన్నర అనుభవం ఉన్నట్టు కాగితం ఇప్పుడే, సంబంధం బాగున్నప్పుడే అడిగి తీసుకో. రెండు నెలల్లో గంటల లెక్క కుదరకపోతే, రావాల్సిన డబ్బులు చేతిలో పడ్డాక వెళ్ళిపో. కాజిల్ విషయంలోనూ, దెబ్బలు దాచే విషయంలోనూ మాత్రం రెండు నెలలు వద్దు. అది ఇంకొక్కసారి జరిగితే ఆ రోజే బయటికి రా, అధికారులకి చెప్పు. ఆ పదహారేళ్ళ పాపని కూడా నీతో తీసుకురా.

కొత్తచోట మొదటిరోజే బిల్లు ఎలా వేస్తారో అడగకు, అనుమానం వస్తుంది. శనివారం ఎన్నింటికి రావాలి, ఎన్నింటికి వెళ్ళాలి, తినడానికి ఎప్పుడు అని అడుగు. జవాబులో గంటలకి బదులు కుటుంబం అన్న మాట వస్తే చెప్పుల దగ్గరికి నడువు.

రేపు శనివారమేగా. లోపలికి వెళ్ళే ముందు ఫోనులో టైము చూసి రాసుకో. ఎలుగుబంటి తలకాయలో చిన్న ఫ్యాను బిగించే చోటుందో లేదో ఒకసారి తిప్పి చూడు. మా దానికి ఉండేది, మూడేళ్ళ దాకా ఎవరూ గమనించలేదు.